రెండు డిగ్రీలకు నాలుగు హద్దులు

మా నాన్నకు సంతకం వచ్చు, చదవడం రాదు. అయినా కాగితం మీద ఆయనకున్నంత నమ్మకం చదువుకున్నవాళ్ళలో కూడా నేను చూడలేదు. ఏ మాటైనా కాగితం మీదికెక్కి, కింద సంతకాలు పడి, ఇద్దరు సాక్షులు కుదిరితేనే ఆయన దృష్టిలో మాట. లేకపోతే ఉత్త గాలి. దీనికి కారణం మా తాత. నోటి మాట మీద బావమరిదికి సాగుకిచ్చిన మూడెకరాలు తాత చేతికి మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో గేదెను అమ్మినా కాగితమే.

ఇది ఎనభైల మధ్యలో సంగతి. మాచర్లలో ఊరి చివర, రైలుకట్ట పక్కన మాకు నాపరాళ్ళ యార్డు ఉండేది. యార్డంటే ఏదో పెద్దది ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, దాని కింద ఒక కోత మిషను, చుట్టూ గోడకానించి నిలబెట్టిన బండలు, అంతే. నాన్న క్వారీలో గునపం పట్టుకుని బతుకు మొదలుపెట్టి, పదిహేనేళ్ళకు ఆ మిషను కొన్నాడు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి యార్డుకే పోయేదాన్ని. మిషను రొద, నీళ్ళతో కలిసి కాలవలా కారే బూడిదరంగు రాతి బురద, బండ తెగినప్పుడు వచ్చే పచ్చి వాసన, అన్నీ నాకు మహా ఇష్టం.

పదో తరగతిలో ఉండగా నేను చేసిన ఒక పని గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. బండను సైజుకు కోశాక అంచు ముక్కలు మిగిలేవి. వాటిని గుంటలు పూడ్చడానికి పారబోసేవాళ్ళు. నేను మిషను నడిపే బాబాయి వెంటపడి, ఆ ముక్కల్ని తొమ్మిదంగుళాల చదరాలుగా కోయించాను. ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. "అన్నా, నీ కూతురుతో నేను ఏగలేను, మిషనన్నా పీకెయ్, పిల్లనన్నా ఇంట్లో కట్టెయ్" అని నాన్న దగ్గర మొరపెట్టుకున్నాడు. నెల తిరక్కుండా కారంపూడి నుంచి ఒక తాపీమేస్త్రి వచ్చి, వరండా అంచులకు బాగుంటాయని ఆ చదరాలన్నీ ట్రాక్టరుకెత్తించుకు పోయాడు. నాన్న నన్ను ఎగాదిగా చూసి, "ఇది మిషను తెలివా, బేరం తెలివా?" అన్నాడు. నాకు మాత్రం ఏం తెలుసు? రెండూ అయ్యుంటాయి అనుకున్నాను.

ఆ 'రెండూ' అన్న మాట నన్ను వదల్లేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు తిరగేస్తుంటే ఒక ప్రకటన కనబడింది. ఉత్తరాదిన ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం. అక్కడ ఇంజనీరింగుతో పాటు ఆర్థికశాస్త్రంలో కూడా డిగ్రీ చేయొచ్చట, ఐదేళ్ళలో రెండూ కలిపి. రెండు డిగ్రీలు కావాలన్నవాళ్ళను మాత్రం హైదరాబాదుకు పిలిచి ఇంటర్వ్యూ చేస్తారట. నేను ఆ ప్రకటన చదివి లైబ్రరీలోనే "అబ్బ!" అని గట్టిగా అరిచాను. లైబ్రేరియను కళ్ళజోడు మీదుగా చూసింది. నన్ను ఎవరో పక్కనుండి గమనించి, నాకోసమే ఆ చదువు తయారుచేశారేమో అనిపించింది.

ఇంట్లో చెప్పగానే అమ్మ అందుకుంది.

"ఒక్క చదువుకే కళ్ళు గుంటలు పడి చస్తున్నావు, రెండేందే?"

"మిషను ఎట్టా నడుస్తుందో ఒకటి చెబుతుంది, సరుకు ఎట్టా కదులుతుందో ఇంకోటి చెబుతుందమ్మా."

"ఆ మాత్రం మీ నాన్న చెప్పడా? ఊరికే చెబుతాడు, పైగా ఇంట్లోనే కూర్చోబెట్టి."

నాన్న మాత్రం నవ్వలేదు. "ఎన్నేళ్ళు?" అన్నాడు. ఐదన్నాను. "ఏడ?" అన్నాడు. రైల్లో రెండు రోజులన్నాను. లేచి యార్డుకు పోయాడు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు అన్నం దగ్గర కూర్చుని, "పో. కాకపోతే ఒక షరతు. చదువైపోంగానే యార్డుకే రావాల. ఈ రెండు చదువులూ యార్డు కోసమేగా అంటున్నావు?" అన్నాడు.

"సరే" అన్నాను. అనేశాను గానీ, ఆ రాత్రంతా లోపల కుతకుతలాడిపోయాను. యార్డంటే నాకిష్టమే. కానీ ఇష్టం వేరు, షరతు వేరు. పదిహేడేళ్ళ వయసులో ఇరవై రెండేళ్ళ నాటి మనసును ఇప్పుడే రాసిమ్మంటే ఎవరికి మండదు? నాకసలే కోపం ముక్కు మీదుండేది.

ఇంటర్ ఫలితాలొచ్చాయి, మార్కులు బాగానే వచ్చాయి. దరఖాస్తు ఫారం తెప్పించాను. అందులో అన్నింటికన్నా ముఖ్యమైనది ఒక వ్యాసం. ఈ రెండు చదువులూ మీకెందుకు, వాటితో ఏం చేస్తారు అని విడిగా తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రాయమన్నారు. నేను మూడు రోజులు కూర్చుని రాశాను. దేశాభివృద్ధికి యువత పాత్ర, పరిశ్రమలే జాతికి వెన్నెముక, ఇలాంటివన్నీ వ్యాసాల గైడులోంచి ఏరి గుచ్చాను. చదువుకుంటుంటే నాకే ఒళ్ళు పొంగిపోయింది. అందులో నాపరాయి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. మన రాళ్ళ గోల పెద్ద పెద్ద ప్రొఫెసర్లకెందుకని వదిలేశాను.

ఆ తెల్లకాగితాన్ని నాన్న చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"దీని మీద ముద్ర ఏది?"

"ముద్రెందుకు నాన్నా? ఇది వ్యాసం."

"ఐదేళ్ళ వ్యవహారం. రెండు డిగ్రీలు ఇయ్యమని అడుగుతున్నావు. ఉత్త కాగితం మీద రాస్తే ఎవడు లెక్కజేస్తాడు? పద, గురజాల పోదాం."

గురజాల అంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, చెక్కబల్ల మీద కూర్చునే దస్తావేజు రైటరు గారు. మా యార్డు స్థలం కొన్నప్పుడు, నాన్నా పెదనాన్నా వాటాలు పంచుకున్నప్పుడు కాగితాలు రాసింది ఆయనే. నాన్నకు ఆయన మాట వేదం. నేను ఎంత మొత్తుకున్నా వినకుండా బస్సెక్కించాడు. రైటరు గారు సంగతంతా విని, పొడుంకాయ మూత తీసి, "అమ్మాయ్, నాన్న చెప్పింది నిజం. అడిగేదాంట్లో బలం ఉండాల. ఎవరికెవరు రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో, ఆస్తి ఏడుందో తేలకపోతే అది కాగితమే కాదు" అన్నాడు.

"తాతయ్యా, ఇది ఆస్తి కాదు. కాలేజీ దరఖాస్తు."

"చదువును మించిన ఆస్తేముందమ్మా? కూర్చో."

కూర్చున్నాను. ఆయన స్టాంపు కాగితం తెప్పించి, తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. పక్క బల్ల మీద టైపు కొట్టే ఆయన దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి కొట్టాడు. "మాచర్ల కాపురస్తులు, ఫలానా వారి కుమార్తె, వయస్సు పదిహేడు సంవత్సరములు, విద్యార్థిని అయిన నేను, ఎవరి బలవంతము గాని ప్రేరేపణ గాని లేకుండా, పూర్తి స్వబుద్ధితో వ్రాయించి ఇచ్చిన ఒప్పుదల పత్రము ఏమనగా" అని మొదలు. బలవంతం చేస్తున్న నాన్న పక్కనే కూర్చుని తలూపుతున్నాడు. మొదటి షరతు, రెండు డిగ్రీలూ విడదీయకుండా ఒకేసారి ఇప్పించవలెను. రెండవది, వాటిని కోత మిషను, బండల వ్యాపారము అభివృద్ధికి వినియోగించెదను. మూడవది, చదువు ముగిసిన వెంటనే తిరిగి వచ్చి సదరు యార్డులోనే పనిచేయుదును. తర్వాత యార్డు షెడ్యూలు, అంటే నాలుగు హద్దులు. తూర్పున రైలుకట్ట, దక్షిణాన సున్నపు బట్టీ, పడమర రోడ్డు, ఉత్తరాన తుమ్మచెట్లున్న పోరంబోకు. నేను మైనరును కాబట్టి గార్డియనుగా నాన్న సంతకం. సాక్షులుగా కాఫీ హోటలాయన ఒకరు, బస్సు కోసం నిలబడ్డ ఈపూరు రైతు ఒకాయన. ఆయనకు నేనెవరో, ఈ గోలేమిటో బొత్తిగా తెలియదు. అయినా "శుభం జరగాల తల్లీ" అని దీవించి మరీ వేలిముద్ర వేశాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హద్దుల దగ్గర నవ్వొచ్చింది. మూడో షరతు దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. రాతపూర్వకంగా కట్టేశారు నన్ను అనుకున్నాను.

మర్నాడు కవరు సర్దేటప్పుడు ఆ స్టాంపు కాగితాన్ని తీసేశాను. నా ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు కింద దాచి, కవర్లో ఫారం, మార్కుల కాగితాలు, నా తెల్లకాగితం వ్యాసం మాత్రం పెట్టాను. నాన్నకు చదవడం రాదు కదా, ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ మర్నాడు నాన్న మిషను బ్లేడు కోసం గుంటూరు పోతూ, అక్కడ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేస్తానని కవరు తీసుకుపోయాడు. సాయంత్రం రసీదు తెచ్చిచ్చాడు. దాని మీద గురజాల ముద్ర ఉంది. "గుంటూరులో వేస్తానన్నావుగా?" అంటే, "దార్లో పనుండి దిగా" అన్నాడు. అంతకుమించి నేనూ అడగలేదు. తప్పు చేసిన మనిషికి ఆరా తీసే ధైర్యం ఎక్కడిది? ఆ ట్రంకుపెట్టె అడుగు కూడా మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ రోజు మా యార్డులో మిషను ఆపి అందరికీ సోడాలు తెప్పించారు. నాన్నా నేనూ సాగర్ మీదుగా బస్సులో హైదరాబాదు చేరుకున్నాం. నాన్న తుండుగుడ్డలో ఒక తొమ్మిదంగుళాల బండ చదరం చుట్టి తెచ్చాడు. మా వ్యాపారంలో మచ్చు లేకుండా ఎవరూ బేరానికి పోరు. "నాన్నా, నీకు దండం పెడతా, అది లోపలికి తేను" అన్నాను. "నువ్వు తేకులే. అడిగితే ఇద్దాం, నా దగ్గరుంటది" అని దాన్ని ఒళ్ళో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల ముగ్గురున్నారు. ఒక ముసలాయన, ఒక నడివయసు మేడం, ఇంకో మౌనముని. ముగ్గురూ ఉత్తరాది వాళ్ళే, మాటలన్నీ ఇంగ్లీషులో. ముసలాయన నా వ్యాసం చేతిలోకి తీసుకుని, "పరిశ్రమలే జాతికి వెన్నెముక. ఇది పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నాం. ఏ పరిశ్రమ?" అన్నాడు. గైడులో ఆ సంగతి రాయలేదు మరి. ఏదో గొణిగాను. ఆయన విసుగ్గా కాగితం పక్కన పెట్టాడు. అయిపోయింది, రెండు డిగ్రీలు కాదు కదా ఒక్కటీ రాదు అనుకున్నాను.

అప్పుడు మేడం ఫైల్లోంచి ఇంకో కాగితం తీసింది. పైన ముద్ర. గురజాల కాగితం!

అది మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున కదా ఉండాలి?

"మాకు ఇంతవరకూ ఇలాంటిది ఎవరూ పంపలేదు" అంది మేడం నవ్వు ఆపుకుంటూ. "మీ యార్డుకు ఉత్తరాన తుమ్మచెట్లున్నాయట. ఆ స్థలంతో ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు గైడు అక్కర్లేదు. చెప్పడం మొదలుపెట్టాను. కోసిన బండకన్నా పాలిష్ పట్టిన బండకు గిరాకీ ఎక్కువని, పాలిష్ మిషనుకు నీళ్ళు దండిగా కావాలని, ఆ నీళ్ళు బురదతో సహా పోవడానికి వాలు కావాలని, మా స్థలం ఉత్తరానికే వాలి ఉందని, కాబట్టి ఆ పోరంబోకు లీజుకు దొరికితే అక్కడ బురద తేర్చే తొట్టెలు కట్టి నీళ్ళు మళ్ళీ వాడుకోవచ్చని. తొట్టెలు ఎంత లోతుండాలో ఇంజనీరింగు చెప్పాలి, అసలు కట్టాలా వద్దా అన్నది ఆర్థికశాస్త్రం చెప్పాలి అన్నాను. నా ఇంగ్లీషు తప్పులతడక. అయినా ఆగలేదు. అంచు ముక్కల కథ కూడా చెప్పేశాను. మౌనముని కూడా ముందుకు వంగి, "బ్లేడు ఎంతకాలం వస్తుంది?" అని అడిగాడు.

చివర్లో ముసలాయన స్టాంపు కాగితం వెనక్కి తిప్పాడు. "ఇక్కడ చేత్తో మీ భాషలో ఏదో రాశారు. మాకు రాదు. చదివి చెప్పమ్మా."

వెనక ఏమీ ఉండకూడదు. నేను చూసినప్పుడు అటువైపు స్టాంపు అమ్మినవాడి రాత తప్ప ఏమీ లేదు. తీసుకుని చూశాను. రైటరు గారి గుండ్రటి దస్తూరీ. మొదట నాలో నేను చదువుకున్నాను.

"షరా. ఇందులో మూడవ షరతును నా ఇష్టపూర్తిగా రద్దు చేయడమైనది. మా అమ్మాయి చదువు ముగిసిన పిమ్మట తనకు నచ్చిన చోట నచ్చిన పని చేసుకొనవచ్చును. అందుకు నాకు గాని నా తరపు వారికి గాని ఎట్టి అభ్యంతరమూ లేదు. పై యార్డులో తూర్పు సగము, తాను వచ్చినా రాకపోయినా, తనదే."

కింద నాన్న సంతకం, ఎప్పటిలాగే చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. ఇంగ్లీషులో చెప్పబోయాను. 'మా నాన్న' అన్న దగ్గరే కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. మేడం మంచినీళ్ళ గ్లాసు జరిపింది. ఎలాగో చెప్పాను. తర్వాత ముసలాయన, "ఈ కాగితం రాసినాయన ఎవరమ్మా?" అన్నాడు. గురజాల రైటరు గారన్నాను. "ఆయనకూ ఒక డిగ్రీ ఇవ్వాలి" అన్నాడు. ఏడుస్తూనే నవ్వేశాను.

బయటికొచ్చేసరికి నా మొహం చూసి నాన్న గాభరాగా లేచాడు. ఒళ్ళోని బండ కాస్తా ఆయన కాలి మీద పడబోయి తప్పింది.

"ఏందమ్మా? ఇయ్యమన్నారా? పోతే పోనీలే, గుంటూరులో కాలేజీల్లేవా?"

"ఆ కాగితం నువ్వే పెట్టావా నాన్నా?"

"నేను గాక ఇంకెవరు పెడతారు? గుంటూరు పోయే పొద్దున కవరు తీసి చూశా, ముద్ర కాగితం లేదు. ఇల్లంతా ఎతికితే నీ పెట్టెలో దొరికింది." బండను మళ్ళీ తుండుగుడ్డలో చుట్టుకుంటూ అన్నాడు. "నాకు చదవడం రాదు గానీ, పిల్ల ఏదన్నా దాస్తే ఎందుకు దాస్తదో తెలవదా? షరతు నీకు నచ్చలా. అందుకే గురజాలలో దిగి కొట్టేయించా. నచ్చకపోతే నచ్చలేదని చెప్పాల, దాయడమేంది?"

ఆయన చెయ్యి పట్టుకుని, "నేను యార్డుకే వస్తా నాన్నా, నిజంగా" అన్నాను.

"ఇప్పుడు చెప్పమాకు" అన్నాడు కసురుతూ. "ఏడుపులో చెప్పింది నేను నమ్మను. ఐదేళ్ళు చదివి, నాలుగు ఊళ్ళు చూసి, అప్పుడు చెప్పు. కావాలంటే అప్పుడు మళ్ళీ గురజాల పోయి రాయించుకుందాం."

సీటొచ్చింది, రెండు డిగ్రీలకూ. ఆ ఉత్తరం నేను చదివి వినిపించినా నాన్నకు తృప్తి తీరలేదు. బస్సెక్కి గురజాల పోయి రైటరు గారి చేత ఇంకోసారి చదివించుకుని వచ్చాడు. ఆ ఐదేళ్ళూ ఎలా గడిచాయో చెప్పాలంటే అదో పెద్ద భారతం. రోటీలు మింగలేక ఏడ్చాను, లెక్కల్లో ఒకసారి తప్పాను, వర్క్‌షాపులో అందరికన్నా బాగా లేతు మిషను తిప్పాను. చివరి ఏడాది రెండు పెద్ద కంపెనీలు ఉద్యోగమిస్తామన్నాయి. వారం రోజులు ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, ఎందుకంటే ఏది ఎంచుకున్నా అడ్డం చెప్పేవాళ్ళు లేరు.

మాచర్ల బస్టాండులో దిగేసరికి నాన్న ఎండలో నిలబడి ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. నా పెట్టె అందుకుని, ఐదేళ్ళ కిందటి మాట నిన్ననే అన్నట్టు, "ఏందమ్మా, గురజాల పోదామా మరి?" అన్నాడు.

"గురజాల ఎందుకు నాన్నా? యార్డుకు పోదాం పద. పాలిష్ మిషను ఎక్కడ పెట్టాలో చూడాలి."

నాన్న పెట్టె కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. ఏడుపు లేదు కదా అని చూశాడనుకుంటాను.

"రాయించుకోవద్దా?" అన్నాడు.

"నీకు కావాలంటే రాయించుకో."

కాసేపు ఆలోచించాడు. గేదెను అమ్మినా కాగితం రాయించుకునే మనిషి.

"వద్దులే" అన్నాడు. "నువ్వు చెప్పావుగా." పెట్టె భుజానికెత్తుకుని యార్డు దారి పట్టాడు.